కావలి నుంచి చెన్నై విమానాశ్రయానికి అర్ధరాత్రి ఏ దారి మేలు?

వచ్చే నెల అమ్మను కువైట్‌లోని తమ్ముడి దగ్గరకు పంపుతున్నాం. చెన్నైలో విమానం ఉదయం 6:10కి బయలుదేరి, అక్కడి సమయం 8:30కి దిగుతుంది. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక కాబట్టి ప్రయాణం 4 గంటల 50 నిమిషాలు. ఆ లెక్క తేలింది, రోడ్డు లెక్కే తేలడం లేదు.

కావలి నుంచి విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం సుమారు 250 కిలోమీటర్లు. తెల్లవారుజామున 3 గంటలకల్లా చేరాలి. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, గంటన్నరకు మించి కాలు ముడుచుకుని కూర్చోలేదు. అందుకని నాయుడుపేటలో ఒకసారి, తడ దగ్గర మరోసారి కారు ఆపి నాలుగడుగులు నడిపించాలి. తడ దాకా నాకు బాగా తెలిసిన దారే.

చిక్కంతా చెన్నై శివారులోని రెడ్‌హిల్స్ దగ్గర. మాధవరం, కోయంబేడు మీదుగా నగరంలోంచి వెళ్లడం ఒక దారి. వండలూరు వైపు వెళ్లే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, కుండ్రత్తూరు దగ్గర దిగి పల్లావరం చేరడం రెండోది. ఫోను మ్యాపు పూటకో దారి చూపిస్తోంది. మా టాక్సీ డ్రైవర్ సెంట్రల్ స్టేషన్ దాటి ఎప్పుడూ వెళ్లలేదు. విమాన సంస్థకు ఫోను చేస్తే మూడు గంటల ముందు రమ్మన్నారే తప్ప దారి సంగతి చెప్పలేదు. గతుకులు తక్కువైతే పది కిలోమీటర్లు ఎక్కువైనా నాకు సమ్మతమే.

ఈ మధ్య రాత్రి ఒంటిగంట, రెండు గంటల మధ్య వెళ్లినవారు చెప్పండి: రెడ్‌హిల్స్ నుంచి మీనంబాక్కానికి ఈ రెండింటిలో ఏ దారిన వెళ్లాలి, ఎంతసేపు పడుతుంది?