పిల్లలను కాచే కొర్రమీనును పొడవవచ్చునా?

చెరువుకట్ట:
తొలకరి పడ్డాక మా ఊరి చెరువు అంచున, మోకాలి లోతు నీళ్లలో, రాత్రిపూట టార్చిలైటు పట్టుకొని బల్లెంతో కొర్రమీనులను పొడవడం ఏటా జరిగేదే. మొన్న ఒక కుర్రవాడు ఎర్రటి పిల్లల గుంపు కింద కాపలా ఉన్న పెద్ద చేపను పొడిచి తెచ్చేసరికి కట్ట మీద వాదన మొదలైంది. ఇది తప్పంటారా?

వలకాడు:
తప్పు కాదండీ. సన్నకన్ను వలలో చిన్నా పెద్దా అన్నీ పడతాయి. బల్లెం పట్టినవాడు తాను చూసిన ఒక్క చేపనే పొడుస్తాడు. అదీ తేలికైన పని కాదు. నీటిలో కాంతి వంగుతుంది కనుక, 4 అడుగుల లోతున ఉన్న చేప నిటారుగా పైనుంచి చూసినా 3 అడుగుల లోతునే ఉన్నట్లు కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి తేలుతుంది. కనిపించిన చోటికి కాక దాని కిందికి గురిపెట్టాలని తెలియని కొత్తవాడి బల్లెం చేప వీపు మీదుగా పోయి బురదలో దిగుతుంది. 1897 నాటి మత్స్య చట్టం నేరమన్నది మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలను చంపడాన్ని. పైగా మా సంఘం చెరువులో వదిలే బొచ్చె, రవ్వ పిల్లలను మింగేది ఈ కొర్రమీనే.

తామరాకు:
వలకాడు గారూ, మీరు మెచ్చుకున్న ఆ ఎంపికలోనే చిక్కుంది. కొర్రమీను పిల్లలు గుంపుగా పైకి తేలినప్పుడు ఆ చోట నీళ్లు ఎర్రగా, ఎసరు మరిగినట్లు కదులుతాయి. కాపలా చేప వాటి కిందనే తిరుగుతూ, అలికిడైనా దూరంగా పారిపోదు. వల వేసినవాడికి ఆ చేప దొరకడం కాకతాళీయం కావచ్చును గాని, బల్లెం వేసేవాడికి ఆ పిల్లలే ఆనవాలు. తల్లో తండ్రో పోయిన ఆ గుంపును మిగతా చేపలు బతకనివ్వవు, అంటే ఒక్క పోటుకు పోయేది ఒక్క చేప కాదు. (మృగశిర కార్తె నాడు చేప తినే మన ఆచారం కూడా సరిగ్గా ఈ ఈనే కాలానికే వచ్చి పడింది.) 2016లో తెలంగాణ దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది, సంతలో బొచ్చె కంటే దీనికే ఎక్కువ ధర పలుకుతుంది. రవ్వ పిల్లలను కాపాడుకోవడమే మీ ఉద్దేశమైతే వేసవిలో నీరు తగ్గినప్పుడు పెద్దవాటిని పట్టండి, నాకు అభ్యంతరం లేదు.

వలకాడు:
వేసవిలో అది బురదలో దూరుతుందండీ, పట్టడం మీరనుకున్నంత సులువు కాదు. అయినా మీ మాటలో న్యాయముంది. పిల్లల ఎరుపు పోయి, గుంపు చెదిరిపోయేదాకా నేను ఆగగలను. ఆలోగా పక్క ఊరి నుంచి టార్చిలైటుతో దిగేవాణ్ణి ఎవరు ఆపుతారు?

చెరువుకట్ట:
ఆదివారం సంఘం కూర్చుంటుంది. పిల్లల గుంపు కనబడ్డ చోట కర్ర పాతి, అక్కడ ఎవరూ బల్లెం వేయకూడదని తీర్మానం అడుగుతాను, మీరూ రండి.