మణికట్టు ఎముకల పాక్షిక ఫ్యూజన్‌ను చిన్న రంధ్రాల ద్వారా చేయించుకుంటే ఫలితం ఎలా ఉంటుంది?

ప్రశ్న
అందరికీ నమస్కారం. మా అన్నయ్య వడ్రంగి. చాలా ఏళ్ల క్రితం బండి మీద నుంచి పడినప్పుడు ఆయన మణికట్టులో స్కేఫాయిడ్ ఎముక విరిగింది. మొదటి ఎక్స్‌రేలో ఆ పగులు కనిపించలేదు, ఎముక అతుక్కోలేదు, ఇప్పుడు కీలు అరిగిపోయింది. స్కేఫాయిడ్‌ను తీసేసి, నాలుగు ఎముకలను ఒకటిగా కలిపే ఫోర్ కార్నర్ ఫ్యూజన్ అవసరమని, దాన్ని ఆర్థ్రోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి, చేయవచ్చని డాక్టరు గారు అన్నారు. ఇలా చేస్తే చెయ్యి ఎక్కువగా వంగుతుందా, సుత్తి పట్టే బలం తిరిగి వస్తుందా, దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (ఎముకల శస్త్రవైద్యుడు)
పద్ధతి ఏదైనా లోపల జరిగే పని ఒకటే. ల్యూనేట్, క్యాపిటేట్, హేమేట్, ట్రైక్వెట్రమ్ ఎముకల మధ్య మృదులాస్థిని తొలగించి, ఎముక ముక్కలు నింపి, స్క్రూలతో బిగిస్తారు. ఇలాంటి అరుగుదలలో ల్యూనేట్‌కూ రేడియస్‌కూ (బొటనవేలి వైపు ముంజేతి ఎముక) మధ్య ఉన్న కీలు సాధారణంగా బాగానే మిగులుతుంది కాబట్టి, ఆ తరువాత మణికట్టు కదలిక అంతా అక్కడి నుంచే వస్తుంది. సాధారణంగా రెండో చేతితో పోలిస్తే కదలిక సుమారు సగం, పట్టు సుమారు నాలుగింట మూడు వంతులు నిలుస్తాయి. నొప్పి బాగా తగ్గుతుంది గాని, అందరిలోనూ పూర్తిగా పోదు.

ఆర్థ్రోస్కోపీలో కీలు పొరనూ స్నాయువులనూ పెద్దగా కోయరు కాబట్టి ఎముకలకు రక్తప్రసరణ ఎక్కువగా నిలుస్తుంది, తొలి వారాల్లో వాపు, నొప్పి తక్కువగా ఉండే అవకాశం ఉంది. అయితే ఆపరేషన్‌కు ఎక్కువ సమయం పడుతుంది, అనుభవం ఉన్న చెయ్యి కావాలి. దీర్ఘకాలంలో కదలిక ఇంకా ఎక్కువగా వస్తుందని గట్టిగా చెప్పేంత పెద్ద అధ్యయనాలు లేవు. నా దృష్టిలో మచ్చ పొడవు కంటే ఎముకలు అతుక్కోవడమే ముఖ్యం, దాన్ని ఎక్స్‌రే కంటే సీటీ స్కాన్ స్పష్టంగా చూపుతుంది. అన్నయ్యగారికి పొగతాగే అలవాటు ఉంటే ఆపరేషన్‌కు ముందే మానిపించండి, ఎందుకంటే అతుక్కోకపోవడానికి అది పెద్ద కారణం.

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు)
వడ్రంగి పని గురించి ఒక మాట చెప్పాలి. సుత్తి కొట్టేటప్పుడు మణికట్టు ఏటవాలుగా వెనక్కి, ముందుకు ఊగే కదలిక ఎక్కువగా ఈ నాలుగు ఎముకల నడుమే జరుగుతుంది, అది ఫ్యూజన్‌తో ఆగిపోతుంది. అందువల్ల ఆ దెబ్బను మోచేయి, భుజం నుంచి తీసుకోవడం నేర్చుకోవాలి. అరచేతిని పైకీ కిందికీ తిప్పే కదలిక ముంజేతిది కాబట్టి స్క్రూడ్రైవర్ తిప్పడానికి అడ్డు ఉండదు. పట్టీలో ఉన్నన్నాళ్లూ వేళ్లను రోజూ ఆడిస్తూ ఉండాలి, బరువు పని మాత్రం ఎముక అతుకు ఖాయమయ్యాకే మొదలుపెట్టాలి.

జవాబు 3
మణికట్టులో ముంజేతి వైపు వరుసలోని మూడు ఎముకలను తీసివేసే ప్రాక్సిమల్ రో కార్పెక్టమీ గురించి కూడా అడగండి. అందులో అతుక్కోవలసిన ఎముకలు ఉండవు, కానీ క్యాపిటేట్ తల అరిగి ఉంటే ఆ ఆపరేషన్ పనికిరాదు. అన్నయ్యగారి క్యాపిటేట్ ఎలా ఉందో ఆర్థ్రోస్కోపీ చేస్తూనే నేరుగా చూడవచ్చు కాబట్టి, ఏది చేయాలన్న నిర్ణయం ఆ సమయంలో మారవచ్చేమో డాక్టరు గారిని ముందుగానే అడిగి ఉంచండి.