ఫాంటసీ నవల్లో ప్రయాణాల లెక్క: రాజధాని నుంచి కోటకి ఎన్ని రోజులు?

నల్లసిరా:
నవల రెండో డ్రాఫ్టులో చిక్కొచ్చింది. దండు ఎడ్లబండ్లతో, వార్తాహరుడు గుర్రం మీద ఒకే రోజు బయల్దేరి, ఒకే రోజు సరిహద్దు కోట చేరుతున్నారు. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే 12 సెంటీమీటర్లు, సెంటీమీటరుకి 20 కిలోమీటర్లు. దారిలో 900 మీటర్లు ఎక్కాల్సిన కనుమ, పడవ మీద దాటాల్సిన నది ఉన్నాయి. ముట్టడి పౌర్ణమి రాత్రి. రోజుకి ఎంత దూరం వేసుకోవాలి?

పటాలపిచ్చి:
ముందు స్కేలు పక్కన పెట్టండి. నూలు దారాన్ని దారి వంపుల వెంట పరిచి, తర్వాత లాగి కొలవండి. మ్యాపులో దారి గీయకపోతే తిన్నని దూరాన్ని 1.3తో గుణించండి. మీ 240 కిలోమీటర్లు 312 అవుతాయి. చాలా డ్రాఫ్టుల్లో లెక్క తప్పేది ఇక్కడే.

మంచి బాట మీద రోజుకి వేసుకోదగ్గ మజిలీ: కాలినడక 25 నుంచి 30 కిలోమీటర్లు, ఎడ్లబండి 16, ఒకే గుర్రంతో రోజుల తరబడి వెళ్తే 45. వానకి నేల బురదైతే బండ్లకి ఇందులో సగం కూడా కష్టమే.

కనుమకి 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నేస్మిత్ చెప్పిన సూత్రం ఉంది: గంటకి 5 కిలోమీటర్ల నడక, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అంటే కాలినడకన వెళ్లేవాళ్లకి గంటన్నర అదనం. బండ్లకి ఇది చాలదు. ఒక్కో బండికి రెండు జతలు పూన్చి ఎక్కించి, ఎడ్లని దింపుకొచ్చి మళ్లీ ఇంకో బండికి కట్టాలి. ఒక రోజు పూర్తిగా రాసుకోండి.

దాణాలెక్క:
నదిని తేలిగ్గా తీసుకోకండి. పడవలో ఒక్క బండే పడుతుందనుకుందాం, పోయి రావడానికి 40 నిమిషాలు. పది బండ్లకి దాదాపు ఏడు గంటలు. ఇంకో రోజు పోయింది. ఆరు రోజులకి ఒకసారి ఎడ్లకి విశ్రాంతి. మొత్తం: 20 రోజుల నడక, 3 విశ్రాంతి, 1 కనుమ, 1 నది, కలిపి 25.

వార్తాహరుడికి ఏడు రోజులు, కొండతో ఎనిమిది. గుర్రం రోజుకి తన బరువులో సుమారు 2 శాతం మేత తింటుంది. 450 కిలోల గుర్రానికి 9 కిలోలు, ఎనిమిది రోజులకి 72. మనిషిని మోస్తూ అంత మోయలేదు. దారిలో దాణా దొరకాలి, లేదా రోజూ కొన్ని గంటలు మేయనివ్వాలి. మేసే గంటలు ప్రయాణంలోంచే పోతాయి. దౌడు తీయించి లాభం లేదు, కొద్ది కిలోమీటర్లకే గుర్రం అలిసిపోతుంది.

నిజంగా వేగం కావాలంటే గుర్రాల్ని మార్చాలి. 1860లో అమెరికాలో మొదలైన గుర్రపు టపా, పోనీ ఎక్స్‌ప్రెస్, ఉత్తరాల్ని దాదాపు 3,000 కిలోమీటర్లు పది రోజుల్లో దాటించింది. 16 నుంచి 24 కిలోమీటర్లకో ఠాణా, ప్రతి చోటా తాజా గుర్రం సిద్ధంగా ఉండేది. మీ రాజ్యంలో ఆ ఠాణాల్ని ఎవరు నడుపుతున్నారో కథలో ఎక్కడో కనిపించాలి.

రెండోచంద్రుడు:
ఇప్పుడు చంద్రుణ్ణి చూడండి. మీ లోకంలో చంద్రుడు మన చంద్రుడి లాంటివాడే అయితే, పౌర్ణమికి 25 రోజుల ముందంటే పోయిన పౌర్ణమి దాటి నాలుగు రోజులు. ఆ సాయంత్రం వెన్నెల ఉండదు, తొమ్మిదిన్నర దాటాకే చంద్రోదయం. దండు కదిలే దృశ్యాన్ని సంజెవేళ వెన్నెల్లో రాసి ఉంటే తెల్లవారుజాముకి మార్చండి, అప్పుడు చంద్రుడు పడమటికి వాలి ఉంటాడు. వార్తాహరుడు బయల్దేరేది పౌర్ణమికి ఎనిమిది రోజుల ముందు, అంటే శుక్ల సప్తమి ప్రాంతం. పొద్దుగుంకేసరికి సగం చంద్రుడు నడినెత్తిన ఉంటాడు, అర్ధరాత్రికి అస్తమిస్తాడు. అంతవరకూ వెన్నెల్లో స్వారీ చేయొచ్చు.

స్ప్రెడ్‌షీట్‌లో రోజుకో వరస వేసి, రోజు సంఖ్యని 29.53తో భాగిస్తే వచ్చే శేషాన్ని చంద్రుడి వయసుగా పెట్టుకోండి. సున్నా అమావాస్య, 14.8 పౌర్ణమి. పక్కనే పాత్ర ఎక్కడుంది, తిండి ఎంత మిగిలింది, గాయం ఎన్నో రోజుది. ఎవరైనా రెండో చంద్రుణ్ణి పెడుతుంటే కళల చక్రాలు 20, 30 రోజులు ఉంచండి, జంట పౌర్ణమి 60 రోజులకోసారి వస్తుంది. 29, 31 పెడితే 899 రోజులు ఆగాలి.

పటాలపిచ్చి:
ఇంకొకటి. కోట బురుజు ఎత్తెంత? భూమంత గ్రహం మీద, మీటర్లలో ఎత్తుకి వర్గమూలం తీసి 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 30 మీటర్ల బురుజుకి దాదాపు 20. మైదానమైతే బండ్ల దుమ్ము ముందురోజే కావలివాళ్ల కళ్లబడుతుంది.

నల్లసిరా:
బురుజు 30 మీటర్లే, చుట్టూ మైదానమే. దండు చడీచప్పుడు లేకుండా చేరాలి.

రెండోచంద్రుడు:
అయితే పౌర్ణమి అసలు పనికిరాదు. పొద్దుగుంకగానే చంద్రుడొస్తాడు, తెల్లారేదాకా వెలుగే. ముట్టడిని పౌర్ణమి దాటిన మూడో రోజుకి జరపండి. చంద్రోదయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి సూర్యాస్తమయం తర్వాత రెండున్నర గంటలు దొరుకుతాయి. మొదటి గంట మునిమాపు వెలుగుకే పోతుంది. బండ్లని 20 కిలోమీటర్ల అవతలే ఆపేసి, కాల్బలాన్ని ముందురాత్రి కోట దగ్గరి ఏ వాగు లోతట్టులోనో దాచి, చివరి అయిదారు కిలోమీటర్లు ఆ గంటన్నర చీకట్లో నడిపించండి.