ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాలి, ఒక్క మాట దగ్గర ఆగిపోయాను

అందరికీ వందనాలు. పోయిన నెల మా యూత్ వాళ్లం పాడేరు పైన ఒక ఊరికి సువార్త పనికి వెళ్లాం, దారిలో వాన, జీపు బురదలో దిగబడిపోతే మూడు గంటలు నడిచాం, చేరేసరికి నా కాళ్లకి ఒక్క చెప్పే మిగిలింది (నవ్వకండి). ఒకావిడ పొయ్యి రాజేసి, మా తడి బట్టలు ఆరేసి, చోడి అంబలి పోసింది. అచ్చం అపొస్తలుల కార్యములు 28లో ఓడ పగిలి ఒడ్డెక్కిన 276 మందికి మెలితే (ఇప్పటి మాల్టా) ద్వీపం వాళ్లు చలిమంట వేసినట్టే.

ఇదే చెబుదామనుకున్నా. కానీ మన బైబిల్లో ఆ ద్వీపం వాళ్లని 'అనాగరికులు' అన్నారు, గ్రీకు మూలంలో ఉన్న మాట బర్బరోయ్, అంటే గ్రీకు భాష రానివాళ్లనే కదా? మా సంఘంలో ఆ కొండల నుంచి వచ్చిన కుటుంబాలు రెండున్నాయి, వాళ్ల ముందు ఆ మాట చదవాలంటే టెన్షన్‌గా ఉంది. చదివి వివరించనా, వాడుక భాష బైబిలు పట్టుకెళ్లనా? తెలిసినవాళ్లు చెప్పండి, నాకిచ్చింది పది నిమిషాలే.