బట్టీ కూలీలను రైలెక్కిస్తే విముక్తి కలిగినట్టేనా?

బడిపంతులు:
మా ఊరి శివారు ఇటుక బట్టీలో ఒడిశాలోని బలాంగీర్ నుంచి వచ్చిన కుటుంబాలు పనిచేసేవి. కూలీలను కుదిర్చి తెచ్చే సర్దార్ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా గేటు దాటనివ్వడం లేదని ఫిర్యాదు వెళ్లడంతో, గత వారం అధికారులు వారందరినీ రైలెక్కించి పంపేశారు. ఒక పిల్లవాడి పలక ఇంకా మా బడిలోనే ఉంది. వాళ్లు తమంత తామే వచ్చారని యజమాని అంటున్నారు. దీన్ని మానవ అక్రమ రవాణా అనవచ్చా? వారికి ప్రభుత్వం నుంచి రావలసినదేమైనా ఉందా?

న్యాయవాది:
తమంత తామే వచ్చారన్న వాదన నిలవదండీ. మోసంతోనో ప్రలోభంతోనో దోపిడీ కోసం మనుషులను తరలించినప్పుడు, బాధితుల అంగీకారం లెక్కలోకి రాదని భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చెబుతోంది. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని, 1982లో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం, ఆ అడ్వాన్సు వెట్టి అప్పు, అంటే చాకిరీతో తీర్చాల్సిన అప్పు, కాదని నిరూపించుకోవలసింది అప్పిచ్చినవారే.

మాజీ రెవెన్యూ ఉద్యోగి:
చట్టం సరే, వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులు రాసిచ్చే విముక్తి పత్రం ఇచ్చారా లేదా అన్నది ముందు కనుక్కోండి. అది చేతిలో ఉంటేనే తక్షణ సాయంగా 30,000 రూపాయల వరకు, ఆపైన పునరావాసం కింద పురుషులకు లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ దారుణమైన సందర్భాల్లో 3 లక్షలు అడగడానికి దారి ఉంటుంది. అయితే తుది చెల్లింపు కేసు తేలేదాకా ఆగుతుంది. పత్రం లేకుండా ఇంటికి చేరిన కుటుంబం, నువాఖాయ్ (పశ్చిమ ఒడిశాలో కొత్త పంట పండుగ) ఖర్చుకు మళ్లీ ఆ సర్దార్ దగ్గరే చేయి చాస్తుంది. నా సర్వీసులో చూసినంతవరకు తప్పు వాంగ్మూలం దగ్గరే జరుగుతుంది: బట్టీ గుమాస్తా పక్కన నిలబడి ఉండగా అడిగితే ఏ కూలీ అయినా "ఇబ్బందేం లేదు" అనే అంటాడు.

బడిపంతులు:
కనుక్కున్నాను. పత్రాలు ఇవ్వలేదు. వాంగ్మూలాలు కూడా, వాళ్లు ఒడియాలో చెప్పినదాన్ని గుమాస్తా తెలుగులోకి మార్చి చెబుతుంటే రాసుకున్నారట.

న్యాయవాది:
అయితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా కలెక్టరుకు అర్జీ పెట్టించండి. వాళ్లు అక్కడ లేనే లేరని రేపు యజమాని అనకుండా, పిల్లల హాజరు పట్టీని జతచేయండి.

బడిపంతులు:
పట్టీలో 11 మంది పేర్లు, తండ్రుల పేర్లతో సహా ఉన్నాయి. రేపే నకలు తీయిస్తాను.