గంజాయి మానేసినా తమ్ముడికి వాంతులు ఆగట్లేదు, వేడినీళ్ల స్నానం చేస్తేనే కాస్త నయం

మాది మిర్యాలగూడ. మా తమ్ముడికి 24 ఏళ్లు. ఇంటర్ నుంచే గంజాయి అలవాటు. ఏడాదిగా ఐసునీళ్లతో తీసిన హాష్‌కి (గంజాయి జిగురు) మారాడు, అది మామూలు గంజాయి కంటే చాలా ఘాటు. కొన్ని నెలలుగా తెల్లవారుజామున నాలుగింటికి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వెంటనే వాంతులు. పొద్దున పదింటి దాకా ఆగవు. పసరు తప్ప ఏమీ రాదు. గీజర్ నీళ్లు ఒళ్లు ఎర్రబడేంత వేడిగా పోసుకుంటేనే తగ్గుతుంది, బయటికొచ్చిన అరగంటకే మళ్లీ మొదలు.

నల్గొండలో ఎండోస్కోపీ, స్కానింగ్ చేయించాం, రెండూ నార్మల్. గ్యాస్ మాత్రలు, వాంతులు తగ్గించే ఓండాన్సెట్రాన్ పనిచేయలేదు. సెలైన్ పెట్టిస్తే ఒక పూట తేరుకుంటాడు. ఏళ్ల తరబడి గంజాయి వాడేవాళ్లలో కొందరికి ఇలా వస్తుందని, దీన్ని కన్నాబినాయిడ్ హైపరెమెసిస్ అంటారని, పూర్తిగా మానడమే మందు అని హైదరాబాద్‌లో డాక్టర్ చెప్పారు. మత్తు అలవాటు మాన్పించే 14446 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కౌన్సెలింగ్ కూడా మొదలుపెట్టాం.

వాడు మానేసి రెండు వారాలు. నేను పక్కనే పడుకుంటున్నాను కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. నిద్ర లేదు, చిరాకు, రాత్రిళ్లు దుప్పటి తడిసేంత చెమట. ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగిస్తున్నాం. వాంతులు మాత్రం ఒకరోజు విడిచి ఒకరోజు వస్తూనే ఉన్నాయి. "మానేసినా తగ్గకపోతే ఎందుకక్కా మానడం" అంటున్నాడు, నాకు అదే టెన్షన్.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాగే వచ్చి మానేసి ఉంటే, వాంతులు పూర్తిగా ఆగడానికి ఎన్నాళ్లు పట్టింది?