క్రిస్మస్ సెలవుల్లో అమ్మానాన్న లండన్ వస్తున్నారు, ప్రయాణం ఎట్లా ప్లాన్ చేయాలి?

మాది అనంతపురం దగ్గర పల్లె. నేను లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ డిసెంబర్‌లో అమ్మ, నాన్న, మేనత్త బెంగళూరులో విమానమెక్కి మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. ఎంత సంతోషంగా ఉందో అంత టెన్షన్‌గానూ ఉంది.

నాకు సెలవు దొరికేది క్రిస్మస్‌కే. కానీ 25న ఇక్కడ రైళ్లు, లండన్ మెట్రో, సిటీ బస్సులు ఏవీ నడవవు. 26న కూడా చాలా మార్గాల్లో రైళ్లుండవు. పైగా సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది. వాళ్లకు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా చూపించాలని నా కోరిక. 23నే వెళ్లి పండగ అక్కడే గడపడం మేలా, 27 దాటాక వెళ్లడం మేలా? అమ్మకు మోకాళ్ల నొప్పులు. అక్కడి కోట దగ్గరంతా ఎత్తు, రాళ్లు పరిచిన దారి. పెద్దవాళ్లను తీసుకెళ్లినవాళ్లు ఎట్లా తిప్పారో చెప్పండి.

నాన్న ప్యారిస్ కూడా అడుగుతున్నారు. దానికి షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా) వేరుగా కావాలి, ఈసారికి కుదరదు.

ముగ్గురూ శాకాహారులే. అందుకే హోటల్ కన్నా వంటిల్లున్న ఇల్లు బాడుగకు తీసుకుందామనుకుంటున్నా. ఉగ్గానికి బొరుగులు, శెనక్కాయల పొడి తెస్తామంటున్నారు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దన్నాను, పాల పదార్థాలు ఇక్కడికి తేనివ్వరు.

ఇంకొకటి. అత్తకు బీపీ, షుగర్ ఉన్నాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకూ వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇండియాలో తీసుకున్నవాళ్లుంటే, క్లెయిమ్ నిజంగా ఇచ్చారా? దయచేసి మీ అనుభవం రాయండి.